మూసిపెట్టండి, పూడ్చెయ్యకండి

పాతబడ్డ వస్తువుకి సెలవివ్వడం మన ఇళ్లలో ఎవరికీ సరిగ్గా చేతకాదని నా అభిప్రాయం. అయితే దాని ప్రాణం పోయేదాకా బాగుచేయిస్తూనే ఉంటాం, లేదంటే ఒకరోజు విసుగెత్తి పాతసామాన్ల వాడికి తూకం వేసి ఇచ్చేస్తాం. ఈ రెండింటికీ మధ్య ఇంకో పద్ధతి ఉంది. సంసారంలో మనశ్శాంతికి అది చాలా అవసరం. దాని గురించే ఇవాళ రాద్దామనుకుంటున్నాను. అయితే చెప్పబోయేది రుబ్బురోలు గురించో, ఇత్తడి గంగాళం గురించో కాదండీ. తెరచాప పడవ అడుగున ఉండే ఒక పలక గురించి. నవ్వకండి. రెండు నెలలుగా మా పుట్టింటి వాట్సాప్ గ్రూపులో ఏ పండక్కి ఎవరొస్తున్నారన్న మాటే లేదు, అంతా ఈ పలక గొడవే.

మాది కొల్లేటి లంక గ్రామం. పెళ్లయ్యాక తాడేపల్లిగూడెం వచ్చాను. మా తమ్ముడు అమెరికాలో, మేరీలాండ్ రాష్ట్రంలో, అన్నాపొలిస్ దగ్గర ఉంటాడు. చెసపీక్ అఖాతం ఒడ్డు అది. లంకలో పుట్టినవాడికి నీళ్ల పిచ్చి పోతుందా? ఆరేళ్ల క్రితం ఎవరో పెద్దాయన దగ్గర ఒక పాత తెరచాప పడవ కొన్నాడు. 34 అడుగుల పొడవు. 1970ల్లో తయారైంది, అంటే దాదాపు నా ఈడుదే. లోపల నలుగురు పడుకోవచ్చు, చిన్న పొయ్యి ఉంది, కూర్చుని భోంచెయ్యడానికి బల్ల ఉంది. వేసవి సెలవుల్లో తమ్ముడూ, మరదలూ, మేనకోడలూ అందులో రెండేసి మూడేసి రోజులు తిరిగేవారు. ఎక్కడో ఒక వాగు మొగలో లంగరేసుకుని, పప్పూ అన్నం వండుకుని, మాకు వీడియో చూపించేవారు.

ఆ పడవ అడుగున మధ్యలో ఒక సందు ఉంటుంది. సందు పైన ఒక గూడు. ఆ గూట్లో ఒదిగి ఉండే పలకని సెంటర్‌బోర్డు అంటారు. ముందు వైపు ఒక ఇరుసు మీద అది తిరుగుతుంది. పైనుంచి ఒక తీగతాడు వదిలితే కత్తిపీట తెరుచుకున్నట్టు కిందికి దిగుతుంది, లాగితే మళ్లీ గూట్లోకి వెళ్లిపోతుంది. పలక పైకి లాగి ఉంటే ఆ పడవ తేలడానికి నాలుగడుగుల నీళ్లు చాలట. పూర్తిగా దించితే ఎనిమిదడుగులు దాటి కావాలట.

దాని పని అర్థం కావాలంటే పారే కాలువలో చెయ్యి పెట్టి చూడండి. అరచేతి అంచు పారుదలకి ఎదురుగా పెడితే నీరు కోసుకుంటూ పోతుంది. అరచెయ్యి అడ్డం తిప్పితే నీరు చేతిని గట్టిగా తోస్తుంది. పలక చేసేదీ అంతే. ముందుకి పోయేటప్పుడు అంచు కాబట్టి అడ్డురాదు. పక్కగాలి తెరచాపని తోసినప్పుడు మాత్రం వెడల్పు వైపు నీటికి ఆనుకుని పడవని జారనివ్వదు. పడవ గాలికి ఏటవాలుగా, కాస్త ఎదురుగా కూడా పోగలిగేది ఆ ఆనిక వల్లే. వెనక గాలి అయితే పలకతో పనిలేదు, పైకి లాగేసుకోవచ్చు. లోతు తక్కువ చోటికి వచ్చినా లాగేసుకోవచ్చు.

మా కొల్లేటి దోనెలకి ఈ ఏర్పాటు లేదు, అవసరమూ లేదు. తాటి మాను బయట చెక్క ఇనుములా ఉంటుంది, లోపల మెత్తగా ఉంటుంది. ఆ మెత్తన తొలిచేస్తే దోనె. చదునైన అడుగు, చేతిలో గెడ, అంతే. వేసవిలో మోకాలి లోతు ఉండే సరస్సులో కింద పలక పెట్టుకుంటే బురదలో దిగబడి కూర్చుంటాం. ఒంటి దోనె ఒరుగుతుందని భయమైతే రెండు దోనెలు పక్కపక్కన పెట్టి అడ్డకర్రలతో కట్టేవారు. నేను బి.ఏ. తెలుగు చదివేటప్పుడు ఒకరోజు నిఘంటువులో 'సంగడి' అనే మాట కనిపించి ఆగిపోయాను. సంగడి అంటే జోడు, జత, స్నేహం. జోడుదోనెని కూడా సంగడి అనే అంటారు. సంగడికాడు అంటే స్నేహితుడు. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుల పుస్తకం 'పెరిప్లస్'లో మన తూర్పు తీరంలో మానులు జతచేసి కట్టిన పడవల్ని 'సంగర' అన్నారు. ఆ మాటకీ మన సంగడికీ చుట్టరికం ఉందని పండితులు చెబుతారు. రెండు వేల ఏళ్ల నాటి మాట మా ఊరి రేవులో కట్టేసి ఉందని తెలిసిన రోజు నాకు భలే సంతోషం వేసింది.

అమెరికా వాళ్ల పలక అంత పాతది కాకపోయినా, మరీ కొత్తదీ కాదు. ఇరుసు మీద తిరిగే ఇలాంటి పలకకి 1811లో న్యూజెర్సీకి చెందిన స్వెయిన్ అన్నదమ్ములు పేటెంటు తీసుకున్నారు. అక్కడి తూర్పు తీరం చాలా చోట్ల లోతు తక్కువ. చెసపీక్ సగటు లోతు 21 అడుగులేనట. అంత పెద్ద అఖాతానికి అది ఏ మూలకి? అందుకే అక్కడ ఆల్చిప్పలు పట్టే స్కిప్‌జాక్ పడవలకి ఈ పలకే ఉండేది. ఆ స్కిప్‌జాక్‌ని 1985లో మేరీలాండ్ తమ రాష్ట్ర పడవగా ప్రకటించుకుంది. విహారానికి వాడే పెద్ద పడవల్లోనూ దీనికి ఒక కాలంలో గొప్ప పేరుంది. 1954లో కట్టిన 'ఫినిస్టెర్' అనే పలక పడవ 1956, 1958, 1960ల్లో వరసగా మూడుసార్లు బెర్ముడా పందెం గెలిచింది. ఆ తర్వాత చాలామంది అలాంటివే కట్టించుకున్నారు. మా తమ్ముడి పడవ కూడా ఆ మోజు ఉన్న రోజుల్లో పుట్టిందే.

మరి ఇప్పుడు వచ్చిన చిక్కేమిటంటే, పలకకి యాభై ఏళ్లు వచ్చాయి. ఇరుసు అరిగింది, ఇరుసు రంధ్రమూ అరిగి పెద్దదైంది. అందుకని రాత్రి లంగరేసుకుని పడుకుంటే చిన్న అల వచ్చినా పలక గూటి గోడకి కొట్టుకుంటుంది. టక్. ఒక్క నిమిషం ఆగి మళ్లీ టక్. తీగతాడు తుప్పుపట్టి పోగులు లేచింది. తెగితే పలక ఒక్కసారిగా కిందికి పడి ఏదైనా పగలగొట్టవచ్చు. గూటి లోపల గుల్లలు పట్టి ఒక్కోసారి పలక దిగదు, దిగితే పైకి రాదు. ఆ గూట్లోకి చెయ్యి పోదు, కన్ను పోదు. బాగుచెయ్యాలంటే పడవని క్రేనుతో ఒడ్డుకి ఎత్తి, పలక కిందికి జారేంత ఎత్తులో నిలబెట్టి, ఇరుసు కొట్టి, పలక దింపి, గూడు గీకి, రంధ్రానికి కొత్త తొడుగు వేసి, కొత్త తాడు కట్టి... ఒక మాదిరి సెకండ్‌హ్యాండ్ కారు ఖర్చవుతుందని అక్కడి పనివాళ్లు చెప్పారట.

"పడవన్నాక చేయించాలి అక్కా, పలక లేకపోతే అది ఆ పడవే కాదు" అంటాడు తమ్ముడు. "వదినా, వచ్చే ఏడు పాప కాలేజీకి వెళ్తుంది. ఆ డబ్బు ఈ పలకకా?" అంటుంది మరదలు. ఈ మధ్య ఆ చప్పుడుకి నిద్రపట్టక మరదలు రాత్రుళ్లు పడవలో ఉండటం మానేసింది. అమ్మ రాకపోతే పాపా వెళ్లదు. తమ్ముడొక్కడే వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తున్నాడు. ముగ్గురూ కలిసి గడపాల్సిన వేసవులు ఇంక ఎన్ని మిగిలాయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఈ విషయం నాకు పలక విషయంగా తోచడం లేదు.

ఇలాంటి తగువుల్లో ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. బరువు ఎక్కడుంది?

ఎందుకంటే పడవ పక్కకి జారకుండా ఆపే పని వేరు, ఒరిగిపోయి బోల్తా పడకుండా ఆపే పని వేరు. కొన్ని చిన్న పడవల్లో పలకే బరువుగా ఉంటుంది. దాన్ని కిందికి దించితేనే పడవ నిటారుగా నిలబడుతుంది. అలాంటి దానికి పలక తీసేశారో, పడవ ప్రాణమే తీసినట్టు. మా తమ్ముడిలాంటి పడవల్లో అలా కాదు. అడుగున కట్టిన పొట్టి వెన్నులో సీసమో ఇనుమో పోసి ఉంటుంది. నిలబెట్టే బరువంతా ఆ వెన్నుది. పలక పని జారకుండా ఆపడమే. కాబట్టి పలక పైకి లాగి ఉంచినంత మాత్రాన పడవ బోల్తా పడదు. గాలికి ఎదురు పోయేటప్పుడు మాత్రం పక్కకి కాస్త ఎక్కువ జారుతుంది.

బరువు సంగతి పట్టించుకోకపోతే ఏమవుతుందో 1876లో న్యూయార్కులో చూశారు. 'మోహాక్' అని ఒక కోటీశ్వరుడి విలాస పడవ. చాలా వెడల్పు, లోతు తక్కువ, కింద పెద్ద పలక. జులై నెలలో ఒకరోజు స్టాటెన్ దీవి దగ్గర తెరచాపలన్నీ ఎత్తుకుని, ఇంకా లంగరు పూర్తిగా తియ్యకుండానే ఉండగా ఒక్క పెనుగాలి వీచింది. పడవ ఒరిగింది. లోపల బరువులూ, సామానూ ఒక పక్కకి దొర్లాయి, పడవ మరి లేవలేదు. యజమాని గార్నర్, ఆయన భార్య, మరికొందరు మునిగిపోయారు. పైకి అందంగా కనిపించే ఏర్పాటు ఏ బరువు మీద నిలబడిందో తెలుసుకోకపోతే, మొదట చిక్కుకునేది లోపల గదిలో కూర్చున్నవాళ్లే.

ఇళ్లలో కూడా సెలవిచ్చే ముందు ఈ ప్రశ్న అడగాలండీ. మా అత్తగారింట్లో ఏటా వేసవిలో నలభై కిలోల మామిడికాయలు కొట్టి ఊరగాయ పెట్టే ఆచారం ఉండేది. తినేవాళ్లు తగ్గారు, బీపీలు పెరిగాయి, జాడీలు మాత్రం తగ్గలేదు. దాన్ని తగ్గిద్దామన్నప్పుడు పెద్ద చర్చ జరిగింది. తరచి చూస్తే ఇంటిని నిలబెడుతున్నది ఊరగాయ కాదు. ఆ రెండు రోజులూ ఆడపడుచులు, తోడికోడళ్లు, పిల్లలు ఒకచోట కూర్చోవడం. బరువు అక్కడుంది. ఇప్పుడు ఐదు కిలోలే పెడతాం, కానీ అందరూ వస్తారు. అదే మా ఎదురింటి వాళ్లు 'ఈ రోజుల్లో ఎవరు పెడతారండీ' అని ఊరగాయతో పాటు ఆ రెండు రోజుల్నీ తీసేశారు. ఇప్పుడు వాళ్ల ఆడపడుచులు పెళ్లిళ్లలోనే కలుసుకుంటారు.

అడగాల్సిన రెండో ప్రశ్న, చప్పుడు ఎవరికి వినిపిస్తోంది? తమ్ముడు పడుకుంటే పక్కన డప్పు కొట్టినా లేవడు. మరదలికి సూది పడినా మెలకువ వస్తుంది. 'నాకు వినపడదు కాబట్టి చప్పుడు లేదు' అనే న్యాయం మనందరికీ తెలిసిందే. ఇంట్లో కుళాయి కారినా, మిక్సీ అదోలా మోగినా, పిల్లాడు రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినకపోయినా ముందు వినపడేది ఎవరికి? వినపడినవాళ్ల మాటకి విలువుండాలి. పడవల సంగతి ఆడవాళ్లకేం తెలుసు అనేవాళ్లు మా బంధువుల్లోనూ ఉన్నారు. 2017 సెప్టెంబర్ 10న గోవాలో బయల్దేరి, 'తారిణి' అనే తెరచాప పడవలో భూమి చుట్టూ తిరిగి, 2018 మే 21న తిరిగొచ్చిన ఆరుగురు నౌకాదళ అమ్మాయిల్లో ఇద్దరు మన తెలుగువాళ్లే. విశాఖపట్నం అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. అంత దూరం అక్కర్లేదు, మా అమ్మ పెళ్లయిన కొత్తలో గెడ వేసుకుంటూ దోనె మీద వెళ్లి పశువులకి గడ్డి కోసుకొచ్చేది.

ఇక నా తీర్పు. తీర్పు అని నేననడం లేదు, తమ్ముడు వెక్కిరిస్తూ పెట్టిన పేరది.

పలకకి సెలవివ్వండి. కానీ సందు పూడ్చెయ్యకండి.

పలక పని ఆపాలనుకున్న పాత పడవల వాళ్లు రెండు రకాలుగా చేస్తారట. కొందరు పలక తీసి పారేసి, గూడంతా నింపేసి, పైన ఫైబర్‌గ్లాసు పొరలు వేసి అక్కడ సందే లేదన్నట్టు చేసేస్తారు. కొందరు పలకని దింపి, గూడు శుభ్రం చేసి, గుల్లలు పట్టని రంగు వేసి, సందుకి మరలతో బిగించే మూత వేస్తారు. మొదటిదాంట్లో ఇంకెప్పటికీ గొడవ లేదు. రెండోదాంట్లో ఎప్పుడు కావాలంటే అప్పుడు మూత విప్పి పలక మళ్లీ పెట్టుకోవచ్చు. నేను రెండోదాని వైపు. పడవ అడుక్కి రంగు వెయ్యడానికి ఎలాగూ ఒడ్డుకి ఎత్తుతారు కదా, ఆ ఖర్చులోనే ఈ పని కలిసిపోతుంది. అయితే పని మొదలుపెట్టే ముందు ఆ మోడల్ పడవ గురించి తెలిసిన నిపుణుణ్ణి అడిగి, బరువు నిజంగా వెన్నులోనే ఉందని, పలక తీసినా పరవాలేదని రూఢి చేసుకోవాలి. తీసిన పలకని వంకర పోకుండా గ్యారేజీలో చదునుగా పడుకోబెట్టాలి. ఇరుసు కొలత, రంధ్రం కొలత, తాడు పొడవు రాసి, ఫొటోలు తీసి పడవ కాగితాలతో పాటు పెట్టాలి. రేపు వాళ్లు అమ్మినా, కొన్నవాడికి అన్నీ దొరుకుతాయి.

దీనివల్ల నష్టం లేదని నేను చెప్పను. ఎదురుగాలికి పోవాలంటే ఎక్కువ మలుపులు తిరగాలి, ఎక్కువసేపు పడుతుంది. గాలి ఒడ్డు వైపు తోస్తున్నప్పుడు ఒడ్డుకి ఇంకా దూరంగా ఉండాలి. ఇరుకు దారుల్లో ఇంజనుకి పని చెప్పాలి, కాబట్టి ఇంజను నమ్మకంగా ఉండాలి. పందేలకి వెళ్లేవాళ్లకీ, మహాసముద్రం దాటాలనుకునేవాళ్లకీ నా సలహా పనికిరాదు. వాళ్లు డబ్బు పెట్టి బాగుచేయించుకోవాల్సిందే. కానీ శనాదివారాలు అరడజను మైళ్లు పోయి, లంగరేసుకుని, అన్నం తిని, నిద్రపోయి వచ్చేవాళ్లకి గాలిని చీల్చుకుంటూ పోవడం కన్నా నిద్రపట్టడం ముఖ్యం. ఆ పడవకి ఈ రెండేళ్లూ ఉన్న పని ముగ్గుర్ని ఒకచోట కూర్చోబెట్టడం. ఆ పనికి పలక అక్కర్లేదు.

మరి పూడ్చెయ్యొద్దని ఎందుకంటున్నానంటే, నేను కొల్లేటి దాన్ని కాబట్టి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా ఎన్నో డ్రెయిన్లు నీళ్లు తెచ్చి కొల్లేట్లో పోస్తాయి. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. సరస్సు లోపల నీరు నడిచే దారులు ఎన్నో ఉండేవి. చేపల చెరువులకి గట్లు వేసినప్పుడు వాటిల్లో చాలా దారులు మూసుకుపోయాయి. 1999లో 5వ కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో యంత్రాలు పెట్టి గట్లు తెగ్గొట్టారు. చెరువుల మీద బతికినవాళ్ల కన్నీళ్లూ చూశాను, అంతకుముందు వరద నీరు కదలక ఇళ్లలోకి వచ్చినవాళ్ల కన్నీళ్లూ చూశాను. ఎవరిది న్యాయమో చెప్పేంత దాన్ని కాదు. ఒక్కటి మాత్రం తెలుసు. గట్టు వెయ్యడానికి ఒక్క వేసవి చాలు. దాన్ని మళ్లీ తియ్యడానికి కోర్టులు, పోలీసులు, యంత్రాలు, ఎందరి బతుకులో కావాలి.

దీనికి ఎదురు ఉదాహరణ మా తాడేపల్లిగూడెం మీదుగా పోయే ఏలూరు కాలువ. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తవ్విన కాలువల వ్యవస్థలోది. ఒకప్పుడు దీని మీద సరుకు పడవలు నడిచేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు పట్టుకుని లాగడం. లాకుల దగ్గర ఆగి నీరు నిండేదాకా వంటలు చేసుకునేవారట. రోడ్లూ, లారీలూ వచ్చి పడవలు పోయాయి. కానీ కాలువ పోలేదు. పొలాలకి నీళ్లిస్తూనే ఉంది. అందుకే 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా నాలుగో జాతీయ జలమార్గం ప్రకటించినప్పుడు అందులో ఏలూరు కాలువ పేరూ చేర్చగలిగారు. పడవలు మళ్లీ నడుస్తాయో లేదో అది వేరే మాట. కాలువని పూడ్చి ఇళ్ల స్థలాలు వేసి ఉంటే ఆ మాట అనుకోవడానికే ఉండేది కాదు.

ఇది చదివే మీలో చాలామందికి మీ మీ పలకలు గుర్తొస్తూ ఉండాలి. ఒకావిడ వీణ, ఒకావిడ బి.ఇడి. సర్టిఫికెట్టు, ఒకావిడ కుట్టుమిషను. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు, అత్తమామలు మంచాన ఉన్నప్పుడు వాటిని పైకి లాగి పెట్టుకున్నాం. అది సహజం, లోతు తక్కువ నీళ్లలో అలాగే చెయ్యాలి. దాన్ని త్యాగం అని పెద్ద పేరుతో పిలవక్కర్లేదు. కానీ చాలా ఇళ్లలో అక్కడితో ఆగరు. వీణని అటక మీద పెట్టడం వేరు, 'ఇంకేం వాయిస్తావులే' అని ఎవరికో ఇచ్చెయ్యడం వేరు. మొదటిది సెలవు. రెండోది పూడ్చెయ్యడం. ఎక్కువసార్లు ఆ రెండో మాట అనేది ఎవరో కాదు, ప్రేమగా చూసుకునే మనవాళ్లే. స్థలం కలిసొస్తుందని అంటారు. మా అమ్మని ఏలూరు ఫ్లాటుకి తీసుకొచ్చినప్పుడు పాత ఇంటి సామాన్లలో గెడ కూడా పొయ్యిలోకి పోబోయింది. అమ్మ తీసి పక్కన పెట్టింది. ఇప్పుడు ఫ్లాటు బాల్కనీలో దాని మీద బట్టలు ఆరేస్తోంది. ఎవరైనా కావాలంటే తీసుకుపోయి దోనె నడుపుకోవచ్చు, అది ఇంకా గెడే.

తమ్ముడు నా మాటకి ఒక అభ్యంతరం చెప్పాడు, అది తీసిపారేసేది కాదు. "అక్కా, తర్వాత పెట్టుకుందాంలే అని పక్కన పెట్టినవి మన ఇంట్లో ఎప్పుడైనా మళ్లీ బయటికొచ్చాయా? అది మర్యాదగా చంపడమే కదా. దానికన్నా ఇవాళే బాగుచేయించడం నయం, లేదా ఇవాళే తెగ్గొట్టడం నయం." నిజమే, 'చూద్దాంలే' అనే మాట కింద ఎన్నో వస్తువులు చచ్చిపోయాయి. ఆ మాటకొస్తే ఈ రెండేళ్లూ వాళ్ల పలకని సగం చంపింది కూడా ఆ 'చూద్దాంలే'నే. బాగుచెయ్యలేదు, తియ్యలేదు, టక్ టక్ మంటూ వదిలేశారు. అన్నిటికన్నా చెడ్డది అదే. ఖర్చు తప్పినట్టు ఉంటుంది, కానీ అరుగుదల పెరుగుతుంది, మనసులూ అరుగుతాయి.

అందుకని సెలవుకి ఒక తారీఖు ఉండాలంటాను. పాప కాలేజీలో చేరిన రెండో ఏడు, వసంతంలో పడవని ఒడ్డుకి ఎత్తినప్పుడు మూత విప్పి చూడాలి. అప్పటికి పడవ మీద మోజు ఉందా, డబ్బు ఉందా, ఇద్దరే దూరం పోదామనుకుంటున్నారా అని ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఉంటే కొత్త ఇరుసు వేయించి పలక పెట్టుకోవాలి. లేకపోతే పలక ఎక్కడుందో చెప్పి పడవ అమ్మేసుకోవాలి. తారీఖు లేని సెలవు, సెలవు కాదు. మనక్కూడా అంతే. 'పిల్లలు పెద్దవాళ్లయ్యాక' అనేది తారీఖు కాదు. 'పెద్దాడు పదో తరగతి రాసిన జూన్' అనేది తారీఖు. కాగితం మీద రాసి, ఆ కాగితం ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసేలా పెట్టుకోండి.

ఇంకొక్క మాట. ఈ నిర్ణయం నేను చెప్పానని కాకుండా వాళ్లిద్దరూ కలిసి తీసుకోవాలని మరదలితో అన్నాను. పడవ కొన్నప్పుడు తమ్ముడొక్కడే నిర్ణయించాడు, దానికి మరదలు ఇప్పటికీ ఏమీ అనదు, కానీ మర్చిపోలేదు. పలక తీసేటప్పుడు మరదలు ఒక్కతే గెలిచినట్టయితే, అది తమ్ముడు మర్చిపోడు. రెండు దోనెలు జతకట్టేటప్పుడు ఒక దోనె పైకీ ఒకటి కిందికీ ఉంటే అడ్డకర్ర నిలవదని మా లంకలో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

నిన్న మరదలు ఫోన్ చేసింది. నిపుణుణ్ణి పిలిచారట, బరువంతా వెన్నులోనే ఉందని చెప్పాడట. మూతకి కొలతలు తీసుకున్నారు. ఈ నెలాఖరుకి పడవ ఒడ్డుకి ఎక్కుతుంది. గ్యారేజీలో పలక పెట్టడానికి చోటు కోసం తమ్ముడు తన పాత వ్యాయామం సామాను తీసెయ్యాల్సి వస్తోందట. దాని మీద కొత్త చర్చ మొదలైంది.